పన్నెండింటి లూప్

టైలర్ మెడకు అతని కొలత టేపే ఉరైంది. ఉదయం పది గంటలు. అతను గూఢచారి శాఖ మనిషని ఇరుగుపొరుగుకి తెలియదు, ముఠాకి తెలిసింది.

శాఖ చీఫ్ ఏజెంట్ డేగను పిలిపించి ముక్తసరిగా చెప్పాడు. విదేశీ ముఠా చేతికి మన నలభై మంది ఏజెంట్ల జాబితా చిక్కింది. మొదట అది కంప్యూటర్ భాషలో ఉత్త 'ఎరే', అంటే అంకెలు వేసిన పట్టీ: సున్నా, ఒకటి, రెండు అంటూ వరసగా పేర్లు. ఒక్కొక్కరినే వెతికి చంపుతూ వచ్చారు. ఇప్పుడు ప్రతి పేరుకీ అడ్రసు జతచేసి 'ఆబ్జెక్ట్' అనే జతల పట్టీగా మార్చారు. పన్నెండింటికి ఒక లూప్, అంటే ఒకే పనిని వరసగా అందరికీ చేసే కోడ్, దాన్ని ఆసాంతం చుట్టి, ఒక్కో అడ్రసునీ ఒక్కో హంతకుడికి పంపుతుంది.

"కంప్యూటర్ పగలగొడితే?" అన్నాడు డేగ.

"మరో దేశంలో ఇంకోటి అదే ఫైలు అందుకుంటుంది. కోడే మార్చాలి. లోపల పగడం ఉంది."

పగడం ముఠా ప్రోగ్రామర్, మన డబుల్ ఏజెంట్. ఆ అందగత్తె అసలు ఎవరి మనిషో దేవుడికే ఎరుకని శాఖలో గుసగుస.

పదకొండు యాభై. లిఫ్ట్ మెకానిక్ వేషంలో డేగ ముఠా భవనంలో నాలుగో అంతస్తుకి చేరాడు. కాపలావాడు ఐడీ కార్డు అడిగాడు. బొటనవేలంత టార్చిలోంచి దూసుకొచ్చిన సూది వాడి గొంతులో దిగింది.

కంప్యూటర్ గదిలో పగడం పచ్చల లోలాకులతో, ఎర్ర పెదాలతో కూర్చుని ఉంది.

"లిఫ్ట్ ఆగిందా?" అంది.

"లేదు, ఆలోచిస్తోంది," అన్నాడు.

కోడ్ మాట సరిపోయింది. ఆమె కీబోర్డు మీదికి వంగేలోపే తలుపు దగ్గర తుపాకీ పేలింది. ముఠా నాయకుడు. గుండు ఆమె భుజాన్ని చీల్చుకుపోయింది. డేగ స్క్రూడ్రైవర్ విసిరాడు. అది నాయకుడి కంట్లో దిగింది. అయినా వాడు మీదపడి గొంతు పట్టాడు. డేగ వాడి తలను ఇనుప బీరువాకేసి మూడుసార్లు బాదాడు. నాలుగోసారి అవసరం రాలేదు.

ఇంకా పది సెకన్లు. పగడానికి చెయ్యి లేవడం లేదు.

"లూప్‌లో 'ఇన్' ఉంది చూడు," అంది పళ్ల బిగువున. "అది చెరిపి 'ఆఫ్' అని ఓ, ఎఫ్ కొట్టు. ఎరే మీదయితే నడుస్తుంది. ఇలాంటి ఆబ్జెక్ట్ మీద అడుగు కదలదు."

ఆమెను నమ్మాలా? ఆలోచించే వ్యవధి లేదు. నెత్తుటి వేళ్లతో కొట్టి సేవ్ చేశాడు.

పన్నెండు. తెర మీద ఎర్ర గీత: ఎర్రర్. ఒక్క అడ్రసూ కదల్లేదు.

సాయంత్రం ఆసుపత్రి వరండాలో చీఫ్ ఎలా ఆపావని అడిగాడు.

"చిన్నప్పుడు ఇంగ్లీషు గ్రామర్ తప్పులకి మేష్టారి చేత తన్నులు తినేవాణ్ణి సార్," అన్నాడు డేగ. "తప్పు రాసి మెప్పు పొందడం ఇదే మొదలు."