జాడపువ్వు

వరూధిని అన్నిటికన్నా ఎక్కువగా భయపడేది ఒక్కదానికే. పిల్లకి ఏదో అవ్వడం, ఆ సంగతి తనకి ఆలస్యంగా తెలియడం. జరిగేవాటిని ఆపడం ఎటూ మన చేతిలో లేదు, కనీసం తెలుసుకోవడమైనా ఉండాలి కదా అనేది.

2081లో ఆ తెలుసుకోవడమే కష్టమైపోయింది. ఫోను చేస్తే మనిషి పలికే రోజులు పోయాయి. ప్రతివాళ్ళకీ ఒక బదులుగొంతు ఉండేది. మన గొంతుతో, మన మొహంతో, ఊతపదాలతో సహా మన బదులు మాట్లాడే యంత్రం అది. మొదట అమ్మకాల ఫోన్లకి వాడారు. తర్వాత ఆఫీసుకి, తర్వాత అత్తగారికి, ఆఖరికి అందరికీ. "బాగున్నారా" అని అడిగితే "మాకేం, బాగానే ఉన్నాం" అనేది. మనిషి జ్వరంతో మూలుగుతున్నా అదే మాట. మనిషి పోయి మూడు రోజులైనా అదే మాట.

మాట అబద్ధమాడుతుంది, మొక్క ఆడదు. వరూధిని కనిపెట్టిన వస్తువుకి మూలం ఈ ఆలోచనే.

ఆమె వృక్షశాస్త్రవేత్త. కాకినాడలో ఆరేళ్ళ కూతురు మేదినినీ, పోర్టులో క్రేను నడిపే భర్త సంజీవినీ వదిలి, ఏడెనిమిది వేల కిలోమీటర్ల అవతల, ఉత్తర ధ్రువానికి దగ్గర్లో ఒక పరిశోధన కేంద్రంలో పనిచేస్తోంది. అక్కడ వేసవిలో సూర్యుడు అస్తమించడు. చెట్లు లేవు. ఉన్న ఒక్క విల్లో చెట్టు కూడా వేలెడంతే, నేలని కరుచుకుని పాకుతుంది. తునినుంచి వచ్చిన టెక్నీషియన్ కామేశం రోజూ అదే హాస్యం ఆడేవాడు.

"అడవి వచ్చేసిందండి మేడంగారూ, చెట్లు తొక్కేయకండి."

ఆ రాళ్ళ మధ్య ధ్రువ గసగస మొక్క పూస్తుంది. చిన్న గిన్నెలాంటి పసుప్పచ్చ పువ్వు. సూర్యుడు ఎటు తిరిగితే అటే తిరుగుతూ, ఉన్న కాస్త ఎండనీ గిన్నెలోకి పట్టుకుంటుంది. బయట చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే, పువ్వు లోపల ఈగలు వచ్చి వెచ్చగా కూర్చుంటాయి. వరూధిని మోకాళ్ళమీద కూర్చుని, సూదిలాంటి థర్మామీటర్‌తో ఒక్కో పువ్వు వేడీ కొలిచి రాసుకునేది. అలా మొదటి వేసవంతా కొలిచింది.

ఆ మొక్క జన్యువుల్ని మార్చి, సూర్యుడి బదులు మనిషి ఒంటివేడికీ ఊపిరికీ తిరిగేలా చేసింది. అదే జాడపువ్వు. ఇవి జంటలుగా వస్తాయి. ఒకటి మనిషి మంచం పక్కన ఉంటుంది. రెండోది, ఆ మనిషి గురించి బెంగపడేవాళ్ళ దగ్గర ఉంటుంది. మంచంమీద ప్రాణి క్షేమంగా ఉంటే పువ్వు విచ్చుకుని అటు తిరుగుతుంది. దాని వేరుకి కట్టిన స్పందనచిప్ ఆ కబురు అందిస్తే, ఎంత దూరాన ఉన్నా రెండోదీ విచ్చుకుంటుంది. వేడి తగ్గినా, ఊపిరి మారినా రెండూ ముడుచుకుంటాయి.

మొదటి జంట మేదినికీ తనకీ పెట్టుకుంది. ఆ తర్వాత ఒక కంపెనీ కొనుక్కుని ఊరూరా అమ్మింది. పక్కవాటాలో ముసలావిడ ఎలా ఉందో చూడటానికి మెట్లెక్కే పని తప్పింది. కిటికీలో పువ్వు విచ్చుకుని ఉందా, అయితే సరే.

నాలుగో వేసవిలో వరూధిని కొండవాలున ఉన్న మామూలు గసగస మొక్కల మీద నల్లటి పెట్టెలు బోర్లించింది. వెలుగు లేకపోతే ఎన్ని గంటలకి తిరగడం మానేస్తాయో కొలుద్దామని. గంటలు కాదు, తొమ్మిది రోజులు తిరిగాయి. చీకట్లో, లేని సూర్యుడి వెంట.

"అలవాటండి. మా నాన్న రిటైరయ్యాక కూడా ఏడింటికి క్యారేజీ పట్టుకుని గుమ్మందాకా వెళ్ళేవాడు" అన్నాడు కామేశం.

ఆమె నవ్వలేదు. ఆ రోజే కామేశం మంచాన్ని వేరే గదిలోకి మార్పించింది. రెండేళ్ళుగా అతన్నే చూస్తున్న జాడపువ్వుని పాత గదిలోనే ఉంచి తాళం వేసింది. పువ్వు ఖాళీ గచ్చువైపు తిరిగి, వేళకి విచ్చుకుంటూనే ఉంది. నలభై ఒకటో రోజున గానీ ముడుచుకోలేదు.

వరూధిని కంపెనీ డైరెక్టరు రఘూత్తమరావుగారికి ఫోను చేసింది. మాట మధ్యలో ఆయన దగ్గాడు. బదులుగొంతులు దగ్గవు కాబట్టి అసలు మనిషేనని తెలిసింది.

"మాకు తెలుసమ్మా" అన్నాడాయన నెమ్మదిగా.

"తెలిసీ అమ్ముతున్నారా?"

"రెండో రకం చేయించాం. అనుమానం వస్తే చాలు ముడుచుకుపోతుంది. వెయ్యిమందికి ఊరికే ఇచ్చి చూశాం. నెల తిరక్కుండా తొమ్మిది వందల పైచిలుకు మంది, పాతదే ఇచ్చేయండి బాబూ అన్నారు."

"ఎందుకని?"

"ముడుచుకుంటే లేచి వెళ్ళి చూడాలి కదమ్మా. పువ్వు కొన్నది వెళ్ళకుండా ఉండటానికే. నువ్వు మనిషి బాగున్నాడో లేదో చెప్పే పువ్వు చేశాననుకున్నావు. వాళ్ళు కొనుక్కున్నది వేరు."

ఆమె బల్లమీద మేదిని పువ్వు ఎప్పటిలాగే విచ్చుకుని ఉంది. ఇంటికి ఫోను చేసింది.

"బాగానే ఉంది వరూ. ఇప్పుడే అన్నం తింది. నువ్వు కంగారు పడకు" అంది సంజీవి గొంతు. మొహం కూడా సంజీవిదే. ఎన్ని అడిగినా జవాబుంది, దగ్గు మాత్రం లేదు. పక్కింటి మహాలక్ష్మిగారికి చేసింది. "మీ పాపేగా, బంగారంలా ఉందమ్మా" అన్నారు. ఆవిడా దగ్గలేదు.

"పాపతోనైతే రోజూ మాట్లాడుతున్నారు కదండీ, పడుకోబోయే ముందు కథ" అన్నాడు కామేశం.

పూలు పూసే ఎనిమిది వారాల్లో ఒక్క పూటా కొలత తప్పకూడదు. కాకినాడలో పిల్ల పడుకునే వేళే ఇక్కడ కొలతలు తీసే వేళ. పూత అయ్యేదాకానే అనుకుని, వరూధిని ఈ వేసవి కథ చెప్పే పని తన బదులుగొంతుకి అప్పజెప్పింది. గొంతు తనదే, కథలూ తనవే, పిల్లకి తేడా ఏం తెలుస్తుంది అనుకుంది.

ఇప్పుడు ఆ కథల రికార్డు తీసి వింది.

తన గొంతు కథ చెబుతోంది. మేదిని గొంతు "తర్వాతా?" అంటోంది. మళ్ళీ కథ, మళ్ళీ "తర్వాతా?". మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. అసలు మేదిని కథని సాగనివ్వదు. నక్కకి చెప్పుల్లేవా అంటుంది, దాహమంటుంది, సగంలో నిద్రపోతుంది. ఈ పిల్ల ఒక్కసారీ అడ్డు రాలేదు, ఒక్కసారీ నిద్రపోలేదు. చివరిదాకా విని, "గుడ్‌నైట్ అమ్మా" అంది.

"పాపకీ బదులుగొంతు పెట్టేశారా ఇంట్లో?" అన్నాడు కామేశం. "రెండు పక్కలా యంత్రాలే అయితే మనకి చెప్పాలి కదండీ."

"చెప్పదు" అంది వరూధిని. "ఇద్దరి మర్యాదా కాపాడాలని అలా చేశారు."

ముప్పై ఎనిమిది రోజులు. అన్ని రోజులుగా ఆమె యంత్రం కూతురి యంత్రానికి కథలు చెప్పింది. మొగుడు ఎందుకు పెట్టాడో, ఎప్పుడు పెట్టాడో తెలియదు. డ్యూటీలు ఎక్కువై పెట్టాడేమో. చెప్పలేని సంగతేదో ఉండి పెట్టాడేమో. అతన్ని తిట్టడానికి నోరు రాలేదు, తను చేసిందీ అదే.

పోలీసు ఠాణాకి చేసింది. అక్కడి గొంతు ఎంతో ఓపిగ్గా వింది.

"మీ పాప జాడపువ్వు మాకిక్కడ తెరమీద కనిపిస్తోందమ్మా. విచ్చుకునే ఉంది."

"ఆ పువ్వు చేసింది నేనే. అది అబద్ధం. ఒక మనిషిని పంపండి."

"విచ్చుకుని ఉంటే మనిషిని పంపే వీలు లేదమ్మా. మీరే కదా తయారుచేసింది, మీకు తెలియనిదేముంది."

గడ్డకట్టిన నేల కరిగి, కేంద్రం రన్‌వే కిందటేడే కుంగిపోయింది. ఓడ రావడానికి ఇంకా పంతొమ్మిది రోజులు. వరూధిని కేంద్రంలో ఉన్న ప్రతి యంత్రంనుంచీ, తెలిసిన ప్రతి ఊరికీ ఒకే కబురు పంపుతోంది. జవాబులు వస్తూనే ఉన్నాయి, తప్పకుండా వెళ్ళి చూస్తామని. వాటిలో మనుషులు పంపినవి ఎన్నో ఆమెకి తెలియదు.

అందుకే ఇది చదివినవాళ్ళని అడగడం. కాకినాడ దుమ్ములపేటలో, ఐస్ ఫ్యాక్టరీ సందు చివర, నీలం గేటున్న మేడ. మేడమీద వాటా. మీరు అటు దగ్గర్లో ఉంటే ఒక్కసారి ఎక్కి తలుపు కొట్టండి. ఎవరూ పలక్కపోతే తలుపు తోసుకుని అయినా లోపలికి వెళ్ళండి. పిల్ల పేరు మేదిని. కొత్తవాళ్ళంటే భయం, గట్టిగా పిలిస్తే మంచం కిందకి దూరిపోతుంది. మీరే కాస్త వంగి చూడండి.