నాలుగింటి ఫోను

పేపరు మడత విప్పిన చప్పుడును బట్టే ఆమెకు అర్థమైపోయింది, ఆయన ఇవాళ ఎవరి మీదో ఒకరి మీద విరుచుకుపడతాడని. మామూలుగా ఆటల పేజీ ఆఖరున చదివే మనిషి, ఈ రోజు కాఫీ కూడా ముట్టకుండా ముందు అదే తీశాడు.

"గొప్ప ఆటగాళ్ళ జాబితాలో మూడోవాణ్ణట," అన్నాడు. "ముప్పై ఏళ్ళు ఆడితే మూడోవాణ్ణి."

"మూడంటే తక్కువా ఏంటండీ?" ఆమె ఇస్త్రీపెట్టె ఆపకుండా అంది. నల్ల వెయిస్ట్‌కోటు జేబు అంచు దగ్గర ముడత ఒక పట్టాన పోవడం లేదు. "ఇన్నేళ్ళలో ఎంతమంది ఆడి ఉంటారు! అందులో మూడు."

"నీకు తెలీదులే. మొదటివాడి సంగతి వదిలెయ్, ఏడు టైటిళ్ళు గెలిచాడు, ఒప్పుకుంటాను. ఈ రెండోవాడెవడు? జనం చప్పట్లు కొడితే చాలు, తేలిక బంతి వదిలేసి కష్టమైనది కొట్టే రకం. వాడు నాకంటే పైనా?"

కిందటి నెలలో ఆయన స్నూకర్ నుంచి తప్పుకున్నాడు. ఐదు ప్రపంచ టైటిళ్ళు. బల్ల ముందు ఎంత ఒత్తిడి ఉన్నా కనురెప్ప కదలనివ్వడని అభిమానులు 'మంచుగడ్డ' అని పేరు పెట్టుకున్నారు. సాయంత్రం క్లబ్బులో సన్మానం. ఈలోగా పదకొండు గంటలకు టీవీ వాళ్ళు ఇంటికి వస్తున్నారు.

"ఇదొక్కటి మాత్రం బాగా రాశాడు," అంటూ గట్టిగా చదివాడు. "'ఎన్ని టైటిళ్ళున్నా, ఇతన్ని మహామహుల వరసలో నిలబెట్టింది మూడో ఫైనలే. కన్నతల్లి ఆఖరి ఘడియల్లో ఉందని తెలియకుండా ఆడాడు. ఆ కబురు గుండెల్లో దాచుకుని భర్తను గెలిపించిన ఇల్లాలిది ఆ కప్పులో సగం వాటా.' విన్నావా? నీ గురించే."

"విన్నాను," అంది. ఆ ఇల్లాలు వెయిస్ట్‌కోటును అవతలి వైపు తిప్పి మళ్ళీ ఇస్త్రీ చేయసాగింది.

పంతొమ్మిదేళ్ళుగా ఆ మాట ఏదో ఒక పత్రికలో చదువుతూనే ఉంది. పత్రికల్లో ఆమె త్యాగమూర్తి. చుట్టాల్లో మాత్రం, తల్లికీ కొడుక్కీ ఆఖరి చూపు దక్కనివ్వని మహాతల్లి.

వీధి తలుపు తీసిన చప్పుడైంది. కూతురు స్టేషన్ నుంచి వచ్చేసింది. ఆ పిల్ల వెనకే, చేతిలో చిన్న సంచితో, మోకాళ్ళ నొప్పికి ఒక్కో మెట్టూ ఆగి ఎక్కుతూ ఆమె ఆడపడుచు. ఆయనకు అక్క. నర్సుగా చేసి రిటైరైన మనిషి. పంతొమ్మిదేళ్ళ తరువాత ఈ గడప తొక్కుతోంది. "నాన్న ఆఖరి సన్మానం అత్తా, నువ్వు రాకపోతే ఎలా?" అని కూతురు నెల రోజులు వెంటపడితే ఒప్పుకుంది.

"రండి వదినా," అంటూ ఆమె ఎదురెళ్ళి సంచి అందుకోబోయింది.

ఆవిడ సంచిని రెండో చేతికి మార్చుకుంది. "తమ్ముడి కోసం వచ్చాను," అంది, ఆమె భుజం మీదుగా లోపలికి చూస్తూ.

మంచినీళ్ళు తెచ్చి ఇస్తే, గ్లాసు బల్ల మీద పెట్టించుకుంది. ముట్టలేదు. కాసేపటికి మేనకోడల్ని పిలిచి, "అమ్మడూ, నాక్కాస్త నీళ్ళు పట్టుకురా," అంది. నిండు గ్లాసు ఎదురుగా ఉండగానే. కూతురు తల్లి ముఖంలోకి చూసింది. తల్లి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పది నిమిషాల తరువాత ఆయన వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"అక్క వచ్చింది కదా. ఈ రోజుతో ఆ గొడవ కాస్తా తేలిపోతే బాగుంటుంది."

"తేలితే మంచిదేగా."

"అదే... నువ్వొక్క మాట అనేస్తే పోతుంది. తప్పయిపోయింది వదినా, ఆయన ఆట పాడవుతుందని చెప్పలేదు, అని. అంతే. టీవీ వాళ్ళు వచ్చేలోగా అక్క మనసు కుదుటపడితే, నలుగురం కలిసి కూర్చోవచ్చు. చూసేవాళ్ళకీ బాగుంటుంది."

ఆమె కడుగుతున్న కప్పు చేతిలోనే ఉండిపోయింది. మొగుడి ముఖంలో ఎక్కడైనా ఒక జంకు, ఒక తడబాటు కనిపిస్తుందేమోనని వెతికింది. లేదు. పచ్చటి బల్ల మీద ఏ బంతి తరువాత ఏ బంతి కొట్టాలో చూసుకునే ముఖమది. అప్పుడామెకు అర్థమైంది. ఈయన అబద్ధం ఆడటం లేదు. చెప్పి చెప్పి, తనే నమ్మేసినట్టున్నాడు.

"ఏమన్నారు?" అంది.

"తప్పయిపోయిందని ఒక్క మాట..."

"ఎవరిది?"

"అబ్బా, మెల్లగా. అక్క వింటుంది."

"విననివ్వండి." కప్పు పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ హాల్లోకి వచ్చింది. ఆయన వెనకాలే వచ్చాడు. సోఫాలో ఆడపడుచు, పక్కన కూతురు తలెత్తి చూశారు.

"వదినా, మీ తమ్ముడు నన్ను మీకు క్షమాపణ చెప్పమంటున్నారు. చెబుతాను. కానీ దేనికో ముందు మీకు తెలియాలి కదా. ఆ రోజు మీరు మా ఇంటికి ఫోన్ చేసి, అమ్మ పరిస్థితి బాగోలేదు, వాణ్ణి వెంటనే రమ్మను అన్నారు. నేను ఫోన్ పెట్టేసిన మరుక్షణం హోటల్‌కి చేశాను. మధ్యాహ్నం ఆట అయిపోయి గదిలోనే ఉన్నారు. టైము నాలుగు. అంతా చెప్పాను."

"ఇప్పుడెందుకవన్నీ!" అన్నాడాయన.

"అంతా విన్నారు. తరువాత, 'నువ్వు ఫోన్ చెయ్యలేదు, నేను వినలేదు, అర్థమైందా?' అన్నారు. పెట్టేశారు."

కూతురు, "నాన్నా?" అంది. ఆయన కూతురి వైపు చూడలేదు.

"నాలుగింటికా?" ఆడపడుచు అడిగింది. నర్సుగా పనిచేసిన మనిషి, గంటలూ నిమిషాలూ మరిచిపోయేది కాదు. "అక్కణ్ణుంచి కారులో మూడు గంటలు. ఎంత నెమ్మదిగా వచ్చినా ఏడున్నరకి ఉండేవాడివి. అమ్మ తొమ్మిది దాకా ఉందిరా. తలుపు ఎవరు తీసినా నువ్వేననుకుని తల తిప్పేది. నీకు తెలీదనుకున్నాను. తెలిస్తే రెక్కలు కట్టుకు వాలేవాడివనుకున్నాను."

"అక్కా, విను. తొమ్మిదీ తొమ్మిదితో సమానంగా ఉంది స్కోరు. సగం ఆట ఇంకా మిగిలింది. ఏడింటికి ఆట. అది వదిలేసి వస్తే అవతలివాడికి కప్పు ఊరికే ఇచ్చేసినట్టే. అమ్మకి ఇంతకు ముందు రెండుసార్లు అలాగే అయి తేరుకుంది. ఈసారీ తేరుకుంటుందనుకున్నాను. ఆడేసి వచ్చేద్దామనుకున్నాను. అంతే."

"అదే చెప్పాల్సింది కదండీ," అంది ఆమె. "మర్నాడు పొద్దున మీరు కప్పు డిక్కీలో పెట్టుకుని వచ్చి, 'నాకెవరూ చెప్పలేదక్కా' అని భోరుమన్నారు. అందరూ నా వైపు తిరిగారు. సరే, ఏడుపులో నోరు జారారు, నాలుగు రోజులు పోయాక సర్దుకుంటారనుకున్నాను. నాలుగు రోజులకి పేపర్లో వేశారు. నెలకి టీవీలో మీరే చెప్పారు. ఆటలో మీకున్న పేరేంటండీ? చొక్కా చెయ్యి బంతికి తగిలితే, రెఫరీ చూడకపోయినా లేచి 'ఫౌల్ నాది' అంటారట. ఆ ఒక్క గుణం చూసే మీ మీద నాకు గౌరవం కలిగింది. ఇంట్లో ఆ మాట అనడానికి పంతొమ్మిదేళ్ళు చాలలేదా?"

ఆయన కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

కూతురు లేచి నిలబడింది. చెంపలు ఎర్రబడ్డాయి. "స్కూల్లో నాన్న గురించి వ్యాసం రాయమంటే ఇదే రాశాను నేను. ప్రైజొచ్చింది. అమ్మా, దిద్దిపెట్టింది నువ్వే!"

"అవునే. ఒత్తులు దిద్దాను."

వీధి గంట మోగింది. టీవీ వాళ్ళు. ఆయన లేచాడు. వెయిస్ట్‌కోటు తొడుక్కున్నాడు. బొత్తాలు ఎప్పుడూ ఆమే వచ్చి పెట్టేది. ఇవాళ ఆమె కదల్లేదు. రెండు బొత్తాలు తప్పు కన్నాల్లో పెట్టుకుని, అలాగే ముందుగదిలోకి వెళ్ళాడు.

ఆడవాళ్ళు ముగ్గురూ వంటింట్లోకి వెళ్ళిపోయారు. మధ్య తలుపు వేసినా మాటలన్నీ వినబడుతూనే ఉన్నాయి. అడిగే అమ్మాయిది హుషారైన గొంతు. మొదటి టైటిల్, రెండో టైటిల్, జాబితాలో మూడో స్థానం మీద అభిప్రాయం. ఆయన పొడి పొడిగా జవాబులు చెబుతున్నాడు.

"సార్, మన ప్రేక్షకులందరూ ఎదురుచూసే ప్రశ్న. ఆ రాత్రి కప్పు అందుకున్నాక అమ్మగారి కబురు తెలిసినప్పుడు ఎలా అనిపించింది?"

వంటింట్లో ఆడపడుచు కళ్ళు మూసుకుంది.

"నాకు ముందే తెలుసు," అన్నాడాయన.

"సార్?"

"సాయంత్రమే మా ఆవిడ ఫోన్ చేసి చెప్పింది. నేనే వెళ్ళలేదు. ఆమె దాచిందని అందరికీ చెప్పాను. దాచింది నేను."

హుషారైన గొంతు తడబడింది. "ఇది... ఇది వెయ్యొచ్చా సార్?"

"వెయ్యండి."

"మరి, ఆ ఫైనల్ వల్లే కదా సార్ మీకు ఈ స్థానం..."

"ఏ స్థానంలో పెడతారో పెట్టుకోండమ్మా. తీసేస్తే తీసేయండి. తెలిసి కూడా చెయ్యి వణకలేదు నాకు. అదే నన్ను తినేస్తోంది."

ఆ మాట వినడానికే ఇన్నేళ్ళు బతికాననుకుంది ఆమె. తీరా విన్నాక గుండెలో ఏ బరువూ దిగలేదు. ఆ మాట నిజమే, కానీ వయసులో ఉన్న పంతొమ్మిదేళ్ళు, పెళ్ళిళ్ళలో ఓ మూల కుర్చీలో ఒంటరిగా కూర్చున్న ఆ మధ్యాహ్నాలు, ఇప్పుడెవరు తెచ్చిస్తారు? ఒట్టి అలసటగా ఉంది.

"ఎందుకు చెప్పలేదమ్మా నాకు?" ఆడపడుచు అడిగింది. "ఒక్కసారి, ఒక్క ఉత్తరమైనా..."

"మీరు అడగలేదు వదినా. రాత్రి పదకొండింటికి పిల్లనెత్తుకుని బస్సు దిగి వస్తే, 'వాడేడీ?' అన్నారు. 'ఆట అయ్యాక వస్తారు' అన్నాను. 'అంటే నువ్వు చెప్పలేదన్నమాట' అన్నారు. అది మీరు అడగడం కాదు, తేల్చెయ్యడం. నేను అత్తయ్య కాళ్ళ దగ్గర కూర్చోబోతే, 'నువ్వు ఏడవకు, నీ ఏడుపు మాకక్కర్లేదు' అన్నారు. ఏడవలేదు. అప్పట్నుంచీ ఏడవలేదు."

ఆడపడుచు చీర చెంగు నోట్లో కుక్కుకుంది. కూతురు వచ్చి తల్లి భుజం మీద చెయ్యి వేసింది.

"ఒకటి అడుగుతాను," అంది ఆమె, నేల చూపులు చూస్తూ. "అత్తయ్య ఆ రోజు ఏమన్నారు? ఎలా ఉన్నారు? నాకు ఎవరూ చెప్పలేదు."

ఆడపడుచు చెయ్యి చాపి ఆమె మణికట్టు పట్టుకుంది. నాడి చూసేటప్పుడు పట్టుకున్నట్టు.

"వాడి కోసం తలుపు వైపు చూసిందన్నానే. అది ఎనిమిది దాకా. తరువాత వాడి ఊసెత్తలేదు. నిన్నడిగింది."

"నన్నా?"

"'కోడలు రాలేదేం? అది వచ్చి తల దువ్వితే బాగుండును, మీరు పీకేస్తారు' అంది. రెండుసార్లంది. నీ మీద కోపంతో చెప్పకూడదనుకున్నాను. పంతొమ్మిదేళ్ళు కడుపులో పెట్టుకున్నాను. నేను దాచాను తల్లీ. వాడే కాదు, నేనూ దాచాను."

ఆమెకు అత్తగారి తెల్లజుట్టు, పలచటి ఆ చిన్న జడ, చిక్కు పడితే వేళ్ళతోనే విడదీయాల్సిన ఆ మెత్తదనం చేతుల్లోకి వచ్చినట్టయింది. ఎక్కణ్ణుంచో, తనది కాదనిపించే గొంతుతో, "అత్తయ్యా," అంది. వంటింటి గట్టు పట్టుకుని కిందికి జారిపోయింది. ఆడపడుచు మోకాళ్ళ నొప్పి మరిచిపోయి పక్కనే నేల మీద కూర్చుని, తల ఒళ్ళోకి తీసుకుంది.

తలుపు తీసుకుని ఆయన వచ్చాడు. టీవీ వాళ్ళు వెళ్ళిపోయారు. వెయిస్ట్‌కోటు వంకర బొత్తాలతో అలాగే ఉంది. ఒక అడుగు ముందుకు వేశాడు.

"నాన్నా, ఇప్పుడు కాదు," అంది కూతురు.

ఆయన ఆగిపోయాడు. గుమ్మం ఇవతలే, తలుపుకు ఆనుకుని, తన తల్లి కోసం ఆ ఇంట్లో మొదటిసారి ఎవరో ఏడుస్తుంటే వింటూ నిలబడ్డాడు.