పద్నాలుగు మెట్లు

తిరుపతిలోని ఆ ఇంట్లో రోజూ ఉదయం తొమ్మిదికి ఒక చప్పుడు మొదలయ్యేది. టక్కుమని ఊతకర్ర, ఆ వెనుకే "గోవిందా!" పదహారు మెట్లకు పదహారుసార్లు. ప్రతి మెట్టుకూ పసుపు రాసి, కుంకుమ పెడుతూ పంకజాక్షి మేడెక్కేది. కొండ ఎక్కి మెట్లపూజ చేసే ఓపిక ఆమె మోకాళ్ళకు ఎప్పుడో పోయింది.

ఈరోజు ఆ చప్పుడు లేదు. నిన్న సాయంత్రమే మునిప్రసాద్ వచ్చి, గమ్ము పూసి, అంచులు మేకులతో బిగించి, మెట్లన్నిటికీ లేతరంగు కార్పెట్ వేసి వెళ్ళాడు.

పైగదిలో ఆఫీసు మీటింగ్‌కు ల్యాప్‌టాప్ తెరిచి, కోడలు లోకేశ్వరి హాయిగా ఊపిరి పీల్చుకుంది. "అత్త మోకాళ్ళకు మెత్తగా ఉంటుంది" అని భర్త బాలచంద్రతో చెప్పి వేయించింది. అసలు సంగతి వేరు. పోయిన వారం మేనేజరు అందరి ముందూ "మీ ఇంట్లో రోజూ ఊరేగింపా?" అని నవ్వాడు. కొత్త కార్పెట్ మీద అత్త పసుపు పెట్టదు. పసుపు లేకపోతే గోవింద ఉండదు. పథకం పారింది.

మీటింగ్‌కు ఇంకా పది నిమిషాలున్నాయి. నీళ్ళ సీసా కోసం దిగుతుంటే హాల్లో మాటలు వినబడ్డాయి. సగం మెట్ల మీదే ఆగిపోయింది.

"సూడు రాఘవమ్మా, కాలు పెట్టి సూడు! పత్తి మీద నడిచినట్టు ఉండాది. నా మోకాళ్ళ కోసం మా కోడలు వేయించినాది. నా కడుపున పుట్టినోడికి తోచినాదా ఇది?"

"అదృష్టవంతురాలివి అక్కా. మా కోడలు నాకు చెప్పుల జత కూడా తీసియ్యదు," పక్కింటి రాఘవమ్మ మూతి తిప్పింది. "మరి నీ మొక్కుబడి?"

"కొండ మెట్లెన్నో అన్ని అనుకుంటిని, మూడువేల అయిదొందల యాభై. ఇంక పద్నాలుగే మిగిలినాయి. ఈపొద్దుతో అయిపోయుండును." పంకజాక్షి గొంతు తగ్గించింది. "పోనీలే మే. అంత ప్రేమగా వేయించినాక దానిమీద పసుపు మరకలు చేస్తానా? స్వామికి చెప్పుకుంటా."

"ఇంతకీ ఏం మొక్కు?"

"పోయినేడు దానికి గొంతులో గడ్డ తీసినారు గదా. నెల్లాళ్ళు మాట రాలా. బిడ్డ సైగలు చేస్తా ఉంటే కడుపు తరుక్కుపోయినాది. దాని గొంతు దానికి ఇచ్చెయ్ సామీ, మెట్టుమెట్టుకూ నిన్ను పిలుస్తా అన్నా."

లోకేశ్వరి చెయ్యి మెడ మీది మచ్చను తాకింది. ఆ గొంతుతోనే కదా నిన్న మునిప్రసాద్‌కు చెప్పింది, "చప్పుడు అస్సలు రాకూడదన్నా, బాగా మందంది వెయ్యి" అని!

"మీ మోకాళ్ళ కోసం కాదత్తా," అంటూ గబగబా దిగింది. "మీ కర్ర, మీ గోవింద నా ఆఫీసోళ్ళకు వినబడకూడదని వేయించినా. నామర్దాగా ఉండిందత్తా. మీ చేత మాన్పించాలనే..." మిగతాది ఏడుపులో కలిసిపోయింది.

రాఘవమ్మ కొంగు సర్దుకుని వాకిలి వైపు చూసింది. పంకజాక్షి కర్రతో కార్పెట్‌ను తడిమింది.

"మెల్లిగా అను అత్తా అంటే మెల్లిగానే అనుకునుందును గదమ్మా," అంది. "నా కోసమే వేయించినావని వీధంతా చెప్పుకుంటినే."

లోకేశ్వరి పూజగదిలోకి వెళ్ళి పసుపు కుంకుమల పళ్ళెం తెచ్చింది. మొదటి మెట్టు ముందు కూర్చుని, తడిపిన పసుపు తీసి లేతరంగు కార్పెట్ మీద అడ్డంగా రాసింది.

"అయ్యో, ఆ మరక పోదే!"

"పోకూడదనే అత్తా. రండి, నా చెయ్యి పట్టుకోండి."

పంకజాక్షి కోడలి భుజం ఆసరాగా మెట్టు మీద మోకాలు ఆనించింది. తడి కళ్ళతోనే నవ్వింది. "మెత్తగా ఉండేది మాత్రం అబద్ధం కాదులే మే."

పైన ల్యాప్‌టాప్‌లో మీటింగ్ పిలుపు మోగుతోంది. లోకేశ్వరి కుంకుమబొట్టు పెట్టి, తనకు తిరిగొచ్చిన గొంతు మొత్తం ఎత్తి, ఇల్లు దద్దరిల్లేలా పిలిచింది.

"గోవిందా!"