చెద ముట్టని పుస్తకం

పొద్దున్నే పెద్దిరాజు వీధిగదిలో పేపరు విప్పుతుండగా, భీమవరంలో ఇంజనీరింగ్ చదివే కూతురు లావణ్య కాఫీ గ్లాసు పక్కన పెట్టి చెయ్యి చాపింది.

"బీరువా తాళం ఇవ్వండి నాన్నగారూ. స్కానర్ సోమవారానికల్లా ఫ్రెండ్‌కి ఇచ్చెయ్యాలి."

"ఇస్తే?"

"పుస్తకాలన్నీ కంప్యూటర్లో ఎక్కించి సీడీలు చేస్తాను. అందరూ చదువుకుంటారు."

"అందరూనా!" పెద్దిరాజు పెదవి విరిచాడు. "అందరికీ ఇచ్చే కదమ్మా, మీ తాతగారి పాటల నోటుబుక్కు పోగొట్టుకున్నాం."

ఆ గదిలో లైబ్రరీ పెట్టింది ఆయన తండ్రే. ఐదో తరగతితో బడి మానేసిన పెద్దిరాజుకి నాలుగక్షరాలు అబ్బింది అక్కడే. పడవవాళ్ల నోట విని తండ్రి రాసుకున్న ఆ పాటలకి రెండో ప్రతి లేదు. చేపలు పట్టే గంగయ్య ఆ నోటుబుక్కు తీసుకెళ్లి నెలలైనా తిరిగివ్వలేదు. తండ్రి పోయిన ఏడాది అతను మెట్టెక్కబోతే, "చేపల చేతులతో మా పుస్తకాలు ముట్టుకోకు" అని పెద్దిరాజు నలుగురిలో కసిరాడు. ఆ రోజే మంచి పుస్తకాలన్నీ బీరువాలో పెట్టి తాళం బిగించాడు. పన్నెండేళ్లయింది.

"తాళంచెవి మొలతాడుకి కట్టుకు తిరగడమేగానీ, ఏనాడన్నా తెరిచారా?" వంటింట్లోంచి భార్య సత్యకుమారి దెప్పింది.

రోషంగా లేచి తలుపు లాగాడు. అట్టలు వరసగా నిలబడే ఉన్నాయి. ఒకటి తీశాడు. లోపలి కాగితమంతా మట్టయి జలజలా రాలింది.

చెద.

సత్యకుమారి చీపురు తెచ్చి, "గంగయ్య పట్టుకెళ్లిందొక్కటే బతికుంటుంది" అంది.

పెద్దిరాజు సైకిలు తీసుకుని కాలవగట్టుకి వెళ్లాడు. గంగయ్య పోయి మూడేళ్లు. అతని భార్య మరిడమ్మ అటక మీంచి పాలిథిన్ సంచీ దింపింది.

"ఆ రోజు ఇచ్చేద్దారనే వచ్చేడండి మా ఆయన. మెట్టు మీదే ఆపేసేరంట గదండీ."

నోటుబుక్కు అంచులు నల్లబడ్డాయి. ఒక్క పేజీ చిరగలేదు.

"మా అమ్మాయి బేబీ చదివి వినిపిస్తాదండి. ఏటా ఎండలో పెడతాం. చేతులు కడుక్కునే ముట్టుకుంటామండి."

పెద్దిరాజు తలెత్తలేకపోయాడు. "తప్పయిపోయిందమ్మా. మా ఇంటికి రా, లోపలికి" అన్నాడు.

మధ్యాహ్నం బీరువా తలుపులు ఊడబీకి, ఇటుకల మీద బల్లలా పరిచి మరిడమ్మని కూర్చోబెట్టాడు. స్కానర్ వెలుగు పేజీల కింద పాకింది.

"పాస్‌వర్డ్ పెట్టనా నాన్నగారూ? తాళం లాంటిదది."

"వద్దమ్మా. వేసి చూశాంగా."

మొదటి పాట పైకి చదవబోయాడు. మొదటి పాదం చదివి, తండ్రి అక్షరాలని వేలితో నిమురుతూ ఆగిపోయాడు. ఆగిన చోటినుంచి మరిడమ్మ, కాగితం వంక చూడకుండానే, మెల్లగా అందుకుంది.