సెర్వా చెప్పిన మూడో మాట

"ప్యాంటు ఇస్తే నిక్కరు చేసి పెట్టావేంటమ్మా?"

కొఫొరిడువా ఊరి బజారులో మేడమ్ కొనాదు కుట్టుకొట్టు గుమ్మంలో నిలబడి అరుస్తున్నాడు ఒబెంగ్. ప్యాంటు పిక్కల దగ్గరే ఆగిపోయింది. మిషను ముందు కూర్చున్న సెర్వా తలెత్తి చూసింది. కొలత తప్పు తీసింది తనే. కానీ ఒప్పుకుంటే ఆమె సెర్వా ఎందుకవుతుంది?

"కాళ్ళు తాటిచెట్లలా పెంచుకున్నది నువ్వు. నన్నంటావేం?"

"విన్నారా మేడమ్, తప్పు నా కాళ్ళదట!"

పని నేర్చుకునే అమ్మాయిలందరూ పకపకా నవ్వారు. ఒబెంగ్‌కీ నవ్వొచ్చింది. మర్నాడు చొక్కా గుండీ ఊడిందని వచ్చాడు. ఆ మర్నాడు ఇంకో గుండీ. అతనిది పక్కవీధి రొట్టెల బట్టీలో పని; చొక్కాలేమో రెండే.

"ఏమయ్యా రొట్టెలాయనా, ఈ గుండీలు ఊడుతున్నాయా, ఊడగొట్టుకుంటున్నావా?" అంది సెర్వా.

"ఊడగొట్టుకుంటున్నా," అన్నాడు బుద్ధిగా.

ఓ రోజు జోరున వాన. రేకుల మీద మోతకి ఎవరి మాటా ఎవరికీ వినబడటం లేదు. అందుకని ఒబెంగ్ గొంతు చించుకుని, "నిన్ను పెళ్ళి చేసుకుంటా!" అని అరిచాడు. సరిగ్గా అప్పుడే వాన ఆగింది. బజారు బజారంతా వింది. సెర్వా మొహం దాచుకోవడానికి గుడ్డ వెతుక్కుంది. కొట్టు నిండా గుడ్డలే, చేతికి ఒక్కటీ దొరకలేదు.

చిక్కు ఆ తరువాత వచ్చింది. ఒబెంగ్ తల్లి ఎక్కడో దూరాన టకొరాడిలో సొంత బట్టీ నడిపే మనిషి. కొడుకుని ఇంటికి రమ్మంది. నెలలోపు పెళ్ళి, వెంటనే కోడలు కూడా కాపురానికి రావాలంది. సెర్వాకేమో పని నేర్చుకోవడం పూర్తవడానికి ఇంకా ఎనిమిది నెలలుంది. అందరి ముందూ మేడమ్ తల మీద పౌడరు పోసి, "ఇక నువ్వూ మేడమ్‌వే" అని దీవిస్తేనే సొంత బోర్డు పెట్టుకునే యోగ్యత. మధ్యలో వదిలేస్తే నేర్చుకున్న రెండేళ్ళూ బూడిదలో పోసిన పన్నీరే.

"మీ అమ్మకి చెప్పావా?"

"చెబుదామనే నోరు తెరిచా. నోట్లో రొట్టె పెట్టింది."

"నవ్వులాట కాదు ఒబెంగ్!"

అతను తల దించుకున్నాడు. "అమ్మ ముందు నాకు మాట రాదు సెర్వా."

"మంచి సంబంధం, చేజార్చుకోకే," అని ఇంట్లో తల్లి పోరు. "మిషను అక్కడ లేదా ఏం?" అని స్నేహితురాళ్ళు. సెర్వా అందరి మాటా విన్నది. ఏదీ గొంతు దిగలేదు.

పిల్లనడగడానికి తలుపు తట్టే రోజు రానే వచ్చింది. ఒబెంగ్ వాళ్ళు తెచ్చిన మందు సీసాలు బల్ల మీద పెట్టారు. వాటిని పుచ్చుకుంటే మాట ఇచ్చినట్టే. పుచ్చుకునే ముందు పిల్లను మేనమామ మూడుసార్లు అడగాలి.

"సెర్వా, ఈ సీసాలు పుచ్చుకోమంటావా?" అన్నాడు మేనమామ అంపోఫో.

"పుచ్చుకో మామయ్యా."

"పుచ్చుకోమంటావా?"

"పుచ్చుకో."

మూడోది మాటవరసకేగా అని ఆడవాళ్ళు అప్పుడే సంబరంగా చేతులూపుతున్నారు.

"మూడోసారి అడుగుతున్నానమ్మా."

సెర్వా ఒబెంగ్‌ని చూసింది. ఆ చూపు కాస్త ఎక్కువసేపు నిలిస్తే ఔననేస్తానని భయమేసి, కళ్ళు తిప్పుకుంది.

"వద్దు మామయ్యా. ఇవాళ వద్దు."

పక్కనే కూర్చున్న పిన్ని తొడపాశం పెట్టింది. సెర్వా కదల్లేదు.

"మనిషి నాకిష్టమే. అందుకే రెండుసార్లు ఔనన్నా. కానీ చెయ్యి తిరగకముందే పని వదిలి వెళ్తే, రేపు నా మీద నాకే చిరాకు. ఆ చిరాకు ఈయన నెత్తిన రుద్దుతా. ఎనిమిది నెలలాగితే వస్తా. ఆగలేకపోతే... ఏడుస్తా. కానీ మాట మార్చను."

ఒబెంగ్ తల్లి విసురుగా లేచింది. "కోడలు నాకు గడువు పెడుతుందా!"

"పెట్టనీ అమ్మా." నోరు రాని ఒబెంగ్‌కి అప్పుడు నోరొచ్చింది. "నేను ఆగుతా."

అంపోఫో మేనకోడలి తల నిమిరాడు. "మూడుసార్లు ఎందుకు అడుగుతామనుకున్నారు? మొదటి రెండూ మన మర్యాదకి. మూడోది పిల్ల కోసం. మా పిల్ల దాన్ని వాడుకుంది."

వెనక్కిచ్చిన సీసాలను ఒబెంగే స్వయంగా నెత్తిన పెట్టుకుని బజారు మధ్యలోంచి మోసుకుపోయాడు. చూసి నవ్వినవాళ్ళకి, "మా ఆవిడ ఇంకా చదువుకుంటోంది," అని చెప్పుకుంటూ.

ఎనిమిది నెలల తరువాత, మేడమ్ కొనాదు కొట్టు ముందు డప్పులు మోగాయి. సెర్వా నెత్తి, కనుబొమలు, రెప్పలు అన్నీ పౌడరుతో తెల్లబడ్డాయి. తుమ్ములాపుకుంటూ కళ్ళు తెరిస్తే ఎదురుగా ఒబెంగ్ తల్లి. ఆవిడ కూడా గుప్పెడు పౌడరు తీసి సెర్వా తల మీద పోసింది.

"మా వాడు ఆ సీసాలు రోజూ తుడిచి తుడిచి నా ప్రాణం తీస్తున్నాడు," అంది. తరువాత గొంతు తగ్గించి, "ఎప్పుడు తెమ్మంటావు, మేడమ్ సెర్వా?"

ఆ పిలుపు సెర్వా నిండుగా విన్నది. తల్లి వెనకే నిలబడ్డ ఒబెంగ్ వైపు ఓరగా చూసి, తేదీ కూడా తనే చెప్పింది.

"వచ్చే శనివారం, అత్తయ్యా. పొద్దున్నే రండి."