రెండిళ్ల నడుమ కన్నం

పడమటి గోడలోని కన్నానికి మూడోసారి ఊకపలక బిగించి ఉత్పల వెనక్కి జరిగింది. వంటింటి గోడకన్ను తెరుచుకుని, అటూ ఇటూ చూసి, మళ్లీ ఎర్రబడింది.

"వేడి చొరబాటు. పడమటి గోడ," అంది ఆ కన్నుతో ఇల్లు తనిఖీ చేసే యంత్రం గృహధాత, విసుగంటే తెలియని గొంతుతో. విసుగంతా ఉత్పలదే.

పాత ఇళ్లు కూల్చడం నిషేధమయ్యాక ఆమె పని ఇదే. ఉన్న ఇంటికే వరి ఊక తొడుగు వేసి, ఎండ సెగ లోపలికి రాకుండా చేయడం. కొత్త పలకకి నూర్చిన కళ్లం వాసన ఉంటుంది. ఆ వాసనంటే ఆమెకు ప్రాణం. ఇవాళ అదీ మనసుకి ఎక్కడం లేదు. సాయంత్రంలోగా శీతపత్రం రాకపోతే ఈ ఇంటికి వేసవంతా చల్లగాలి కోటా ఉండదు. ఇంటావిడ రత్తమ్మది గుండెజబ్బు.

పలక పక్కకి జరిగింది. కన్నంలోంచి పక్కింటావిడ గాజుల చెయ్యి, చేతిలో గిన్నె.

"వదినా, చుక్కకూర పప్పు. కాలుతోంది, పట్టుకో!"

"మస్తానమ్మగారూ! ఇప్పుడే కదండీ మూసింది!"

"మూస్తే? వాళ్ల గిన్నె ఉత్తదే ఎలా పంపనమ్మా?"

రత్తమ్మ అప్పుడే పప్పు ఒంపుకుని, ఆ గిన్నె కడిగి బూరెలు సర్దుతోంది. "కొత్త పెళ్లికూతురివి, నీకూ తెలియాలిగా. ఖాళీ గిన్నె ఇస్తామా ఎక్కడైనా?"

"అంటే ఇది ఎప్పటికీ ఆగదా?"

"ఆగితే మేం పోట్లాడుకున్నట్టే."

"పోనీ వీధి గుమ్మంలోంచి ఇచ్చుకోండి."

"ఆ ఎండలోనా? పప్పుకన్నా ముందు మేం ఉడుకుతాం."

"కన్నం శాశ్వతంగా పూడ్చాలి," అంది గృహధాత.

రత్తమ్మ నవ్వు ఆగిపోయింది. "మొన్న కళ్లు తిరిగి పడిపోతే, నా మూలుగు మస్తానుకి వినపడింది ఇందులోంచే."

ఉత్పల పలకని కింద పెట్టేసింది. అవతలి మస్తానమ్మ ఇంటి తొడుగు కిందటి వారమే పూర్తయింది; ఇక అటునుంచి ఎండ సెగ రాదు.

"పడమటిది బయటి గోడ కాదు. లోపలి గోడగా రాసుకో," అంది గృహధాతతో.

"అవతల వేరే ఇల్లు."

"కాదు. ఇదే ఇంట్లో ఇంకో గది."

గోడకన్ను రెపరెపలాడింది. "ఒక ఇంటికి రెండు వంటిళ్లెందుకు?"

"దాని ఉప్పు నాకు పడదు," అంది రత్తమ్మ.

చాలాసేపటికి గోడకన్ను పచ్చబడింది. శీతపత్రం వచ్చింది. మస్తానమ్మ పట్టలేని సంబరంతో తన ఇంటి అవతలి గోడ దగ్గరికి పరిగెత్తి, అటుపక్కింటామెని కేకేసింది.

"ఏమే కనకం, విన్నావా? లోపలి గోడైతే కన్నం పెట్టుకోవచ్చంట!"

"ఇల్లు ఎక్కడ ముగుస్తుందో చూపండి," అంది గృహధాత.

ఉత్పల చెయ్యెత్తింది. ఎటు చూపాలో తోచేలోగానే కనకం ఇంటివైపు నుంచి గోడకి కన్నం కొడుతున్న సుత్తి చప్పుడు మొదలైంది. కాసేపటికి, దాని అవతలి ఇంటి నుంచి ఇంకొకటి.