పెట్టె లేని షాకు

మధ్యాహ్నం దాకా బాగానే నేశాడు. పొద్దు వాలేసరికి మా ఆయన ఉదయ్ కుమార్ మగ్గం గుంతలోంచి లేచి, అంత ఎండాకాలంలో దుప్పటి అడిగాడు.

ఆయనకు బెంగళూరులో గుండె మార్చి ఏడాది దాటింది. అంతకు ముందు, పాత గుండె తడబడినప్పుడల్లా షాకిచ్చి దారికి తెచ్చే పెట్టె ఒకటి భుజం కింద ఉండేది. గుండెతో పాటు దాన్నీ తీసేశారు. దాని తీగ మాత్రం ఓ ముక్క రక్తనాళానికి అతుక్కుపోయింది. లాగితే నాళం చిరుగుతుందని వదిలేశారు.

"హేమా... షాకు కొట్టింది," అన్నాడు.

"పెట్టె లేదు కదా. యాడ నుంచి కొడతాది?"

ఒళ్లు కాలిపోతోంది. బెంగళూరు డాక్టరుకు ఫోన్ చేస్తే, తీగకు చీము పట్టి గుండెకు పాకిందేమో, వెంటనే తీసుకురమ్మన్నాడు. వాళ్ల నాయన గుండె జబ్బే పుట్టుకతో వచ్చిన మా అమ్మాయి సాయిసుధను ధర్మవరంలోనే వాళ్ల అవ్వ దగ్గర వదిలి అంబులెన్సు ఎక్కాను.

పెనుకొండ దాటేసరికి చీకటి పడింది. బండిలో స్పిరిట్ వాసన, జ్వరం చెమట వాసన. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఉన్నట్టుండి ఆయన ఒళ్లంతా ఎగిరిపడింది. నా మోచేతి దాకా జివ్వుమంది.

"ఏమాయ అక్కా?" డ్రైవర్ తిప్పన్న అరిచాడు.

బండి ఆపొద్దని అరిచాను. మళ్లీ కొట్టింది. మళ్లీ...

ఆయన గుసగుసగా అన్నాడు. "ఇది నాకు కాదే... పాత గుండెను ఎతుకుతాండాది."

"అది లేదు. తీసేసినారు."

"దానికి తెల్దు..."

హిందూపురం రోడ్డు చీలే చోటు దాటినా ఆగలేదు. కొట్టిన ప్రతిసారీ దేవుణ్ణి పిలవడం తప్ప ఏమీ చేయలేకపోయాను. చెయ్యి వదిలేయాలన్నంత భయం. వదల్లేదు.

బెంగళూరులో ఛాతీ కోసి తీగ తీశారు. వారాల తరబడి మందులు ఎక్కించారు. జ్వరం దిగింది. ఓ ఉదయం ఆయన లేచి కూర్చుని రాగి గంజి అడిగాడు. చాన్నాళ్లకు కరువుతీరా ఏడ్చాను.

అప్పుడే సుధ ఫోన్ చేసింది.

"నాయనకు బాగైందమ్మా. తీగ తీసేసినారు."

"యా పొద్దు తీసినారమ్మా?"

చెప్పాను.

"ఆ పొద్దు నుంచే..." అంది. "గుండె లోపల ఎవురో తన్నినట్ల..."

"సుధా?"

ఏదో దబ్బుమని పడింది. ఫోన్ కట్ కాలేదు. దూరంగా అవ్వ గొంతు...

"నా చెయ్యి ఇడువే సుధా... జివ్వుమంటాండాది... ఇడువే..."